రిపోర్టులో "మెంబ్రేన్ స్టెయినింగ్" అని ఉంది. కణం పొరకీ క్యాన్సర్ సిగ్నల్‌కీ ఏమిటి సంబంధం?

తులసికోట | ఆదివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మా అమ్మకి 58 ఏళ్ళు. రొమ్ములో గడ్డ ఉందని బయాప్సీ తీశారు. మొన్న ఐహెచ్‌సీ (ముక్కకి రంగు వేసి చూసే పరీక్ష) రిపోర్టు వచ్చింది. ఈఆర్, పీఆర్ అనే హార్మోన్ రిసెప్టర్లు రెండూ నెగెటివ్. హెర్2 దగ్గర మాత్రం "2+, ఈక్వివోకల్. పది శాతం కన్నా ఎక్కువ కణాల్లో పొర చుట్టూ పూర్తిగా, బలహీనం నుంచి మధ్యస్థంగా స్టెయినింగ్ ఉంది. ఫిష్ పరీక్ష అవసరం" అని రాశారు.

డాక్టర్ గారి గది బయట నలభై మంది ఉన్నారు. "ఫిష్‌కి పంపాం, పది రోజులు పడుతుంది, వచ్చాక మాట్లాడదాం" అని ఆయన ఒక్క ముక్కలో తేల్చేశారు. ఆయన్ని తప్పుపట్టడం లేదు. కానీ ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ ఒకటే ఆలోచన. ఆ రంగు కణంలో ఎక్కడ పడితే ఏమిటి? పొర మీదే పడాలని, అదీ చుట్టూ పడాలని ఎందుకు చూస్తారు? నేను చదివింది బీకాం, కాస్త అర్థమయ్యేలా చెప్పండి. వైద్య సలహా అడగట్లేదు, టెన్షన్ తగ్గుతుందని అడుగుతున్నాను.

గాజుపలక | ఆదివారం, రాత్రి 10:15

తులసికోట గారూ, నేను పాథాలజీ పీజీ రెండో ఏడు. రోజూ చూసేది ఈ స్లైడ్లే కాబట్టి నేను చెప్తాను.

బయాప్సీ ముక్కని ఫార్మలిన్‌లో పెట్టి, మైనంలో దిమ్మ చేసి, నాలుగు మైక్రాన్ల మందంలో కోస్తాం. దాని మీద హెర్2 ప్రోటీన్‌ని మాత్రమే పట్టుకునే యాంటీబాడీ వేస్తాం. అది ఎక్కడ అంటుకుంటే అక్కడ గోధుమరంగు వస్తుంది. కేంద్రకాలకి నీలం రంగు వేస్తాం. 3+ (అన్నిటికన్నా బలమైన మార్కు) స్లైడు చూడాలంటే పెద్ద లెన్సు కూడా అక్కర్లేదు. కోళ్ళ షెడ్డుకి కొట్టే ఇనప జాలీ ఉంటుంది చూడండి, అచ్చం అలాగే ఉంటుంది. ఒక్కో కణం చుట్టూ ముదురు గోధుమ గీత, పక్క కణం గీతతో కలిసిపోయి వల అల్లినట్టు కనిపిస్తుంది. మా ప్రొఫెసర్లు దాన్ని "చికెన్ వైర్" అనే అంటారు. 2+లో అదే జాలీ ఉంటుంది కానీ, పెన్సిల్‌తో గీసి చేత్తో తుడిచినట్టు ఉంటుంది. అందుకే నమ్మకంగా చెప్పలేక జన్యువు కాపీలు లెక్కపెట్టడానికి ఫిష్‌కి పంపుతాం.

ఇక మీ అసలు ప్రశ్న. కణం లోపలి గుజ్జులో గోధుమరంగు కనబడితే దాన్ని లెక్కలోకి తీసుకోం. హెర్2 పొరకి అడ్డంగా గుచ్చుకుని నిలబడే ప్రోటీన్. తల బయట, తోక లోపల, మధ్యలో ఒక్క ముక్క పొరలో ఉంటుంది. తోకలో ఉండే ఎంజైమే "పెరుగు, విడిపో" అనే కబురు లోపలికి పంపేది. అది పొరలో నిలబడి, పక్కన ఇంకో రిసెప్టర్‌తో (ఇలా పొరలో నిలబడి కబురు అందుకునే ప్రోటీన్‌తో) జత కడితేనే పనిచేస్తుంది. పైగా హెర్2 కోసం మనం ఎక్కించే మందు ట్రాస్టుజుమాబ్ పట్టుకునేదీ బయట ఉన్న తలనే. పొర మీద లేనిదాన్ని ఆ మందు అందుకోలేదు.

ఎర్రబస్సు | ఆదివారం, రాత్రి 10:32

నాకో డౌటు. పొర అంటే కిరాణా కొట్టు కవర్ లాంటిది కదా, లోపలి సరుకు కారిపోకుండా. కవర్‌కి ఇంత పెత్తనం ఏమిటి?

మైక్రోపిపెట్ | సోమవారం, తెల్లవారుజాము 2:05

(ఇక్కడ జర్మనీలో ఇంకా పది గంటలే, తిట్టకండి. పీహెచ్‌డీ ఈ పొరల మీదే చేస్తున్నాను.)

ఎర్రబస్సు గారూ, కవర్ అనుకుంటే తప్పుదారి పడతాం. చారు గిన్నె అనుకోండి. పోపు పెట్టాక చారు మీద నూనె చుక్కలు తేలుతూ ఉంటాయి. కదులుతుంటాయి, రెండు కలిసి ఒకటవుతాయి, గరిటె పెడితే చీలిపోతాయి. కణపొర కూడా గట్టి గోడ కాదు, సుమారు 5 నానోమీటర్ల మందమున్న రెండు వరసల కొవ్వు పలక. అందులో ప్రోటీన్లు ఈదుతూ ఉంటాయి. 1970లో ఫ్రై, ఎడిడిన్ అనే ఇద్దరు ఎలుక కణాన్నీ మనిషి కణాన్నీ కలిపి ఒక్కటి చేశారు. రెండిటి పైపొర ప్రోటీన్లకీ వేరువేరు రంగులు వేసి చూస్తే 37 డిగ్రీల దగ్గర నలభై నిమిషాల్లో రంగులు కలగాపులగం అయిపోయాయి. చలిలో పెడితే కలవలేదు. అంటే పొర ద్రవమే. 1972లో సింగర్, నికల్సన్ "ఫ్లూయిడ్ మొజాయిక్" అని పేరు పెట్టింది దీనికే.

కానీ చారు పోలిక ఇక్కడితో ఆగదు. కాసేపు గరిటె పెట్టకుండా వదిలేస్తే నూనె చుక్కలన్నీ కలిసి పెద్ద మడుగులవుతాయి కదా? బతికున్న కణంలో అలా జరగదు. పొర కింద యాక్టిన్ అనే ప్రోటీన్ పోగులతో అల్లిన దడి ఉంటుంది. జపాన్‌లో అకిహిరో కుసుమి బృందం సెకనుకి 40 వేల ఫ్రేములు తీసే కెమెరాతో ఒక్కో కొవ్వు అణువు నడకని చూసింది. 2002లో ఎలుక కిడ్నీ కణాల్లో వాళ్ళు చూసిందేమిటంటే, అణువు సుమారు 230 నానోమీటర్ల వెడల్పున్న ఒక పెరడులో తిరుగుతూ ఉంటుంది, సగటున 11 మిల్లీసెకన్లకోసారి దడి దూకి పక్క పెరట్లోకి పోతుంది. మామూలు వీడియో కెమెరాకి ఈ దూకుళ్ళు కనబడవు, అణువేదో నెమ్మదిగా పాకుతున్నట్టు అనిపిస్తుంది. అంతే.

కాబట్టి ఒక రిసెప్టర్‌కి పక్కన ఎవరు దొరుకుతారు, ఎంతసేపు దొరుకుతారు అనేది ఈ పెరళ్ళూ, ఆ నూనె చుక్కలూ తేలుస్తాయి. పెత్తనం అక్కడ ఉంది.

అడ్డప్రశ్న | సోమవారం, ఉదయం 7:50

"నూనె చుక్కలు" అంటే లిపిడ్ రాఫ్ట్స్ అనేగా మీ ఉద్దేశం? కొలెస్ట్రాల్, స్ఫింగోలిపిడ్లు కలిసి పొరలో తెప్పల్లా తేలతాయని 1997లో సైమన్స్, ఇకోనెన్ రాశారు. ఆ తర్వాత పదేళ్ళు ప్రతివాడికీ ప్రతిచోటా తెప్పలే కనబడ్డాయి. సాక్ష్యం ఏమిటయ్యా అంటే, కణాల్ని ట్రైటాన్ ఎక్స్-100 అనే డిటర్జెంట్‌లో 4 డిగ్రీల దగ్గర కరిగించడం, కరగనిదాన్ని తెప్ప అనడం! సబ్బునీళ్ళలో నానబెట్టి, ఐస్‌లో పెట్టి, మిగిలిన తుక్కుని చూపించి "ఇది బతికున్న కణంలో ఇలాగే ఉంది" అంటే నేను నమ్మను.

మైక్రోపిపెట్ | సోమవారం, మధ్యాహ్నం 1:20

నేనూ నమ్మను. డిటర్జెంట్ పద్ధతి తుక్కే. డిటర్జెంటే కొత్త ముద్దల్ని తయారు చేయగలదని ఇప్పుడు అందరూ ఒప్పుకుంటారు. కానీ ఆ పద్ధతి తప్పయినంత మాత్రాన పొరలో అమరికే లేదనలేం. 2009లో స్టెఫాన్ హెల్ ల్యాబ్ వాళ్ళు స్టెడ్ మైక్రోస్కోపుతో బతికున్న కణాల్లోనే చూశారు. మామూలు కొవ్వులు స్వేచ్ఛగా తిరుగుతుంటే స్ఫింగోలిపిడ్లు 20 నానోమీటర్ల కన్నా చిన్న చోట్లలో పది, ఇరవై మిల్లీసెకన్లు చిక్కుకుంటున్నాయి. కొలెస్ట్రాల్ తీసేస్తే ఆ చిక్కు తగ్గింది. మామూలు మైక్రోస్కోపు 200 నానోమీటర్ల దగ్గరే చేతులెత్తేస్తుంది కాబట్టి అంతకుముందు ఎవరికీ కనబడలేదు.

మన దగ్గర కూడా ఈ పని జరిగింది. బెంగళూరులోని ఎన్‌సీబీఎస్ అనే పరిశోధన సంస్థలో సత్యజిత్ మేయర్ బృందం 1998 నుంచీ పొర బయటి వైపు వేలాడే ప్రోటీన్ల మీద పనిచేసింది. అవి పెద్ద తెప్పలు కావనీ, 20 నుంచి 40 శాతం ప్రోటీన్లు మాత్రం నలుగురికి మించని చిన్న గుంపులుగా ఉంటాయనీ 2004లో చూపించారు. ఆ గుంపుల్ని కట్టేది కూడా ఊరికే కొవ్వు గుణం కాదు, కింద ఉన్న యాక్టినే వాటిని పోగేస్తుంది. కణం శక్తి ఖర్చుపెట్టి చేసే పని అది. హైదరాబాద్ సీసీఎంబీలో అమితాభ ఛటోపాధ్యాయ గారు సెరటోనిన్ రిసెప్టర్ పనికి పొరలో కొలెస్ట్రాల్ ఎంత ముఖ్యమో ఏళ్ళ తరబడి చూపించారు. అది క్యాన్సర్ పని కాదు గానీ ప్రశ్న ఇదే.

కాబట్టి నా మాట: "తెప్ప" అనే పదం వదిలేద్దాం, "గుంపు" అందాం. అప్పుడు మీకూ నాకూ గొడవ ఉండదు.

అడ్డప్రశ్న | సోమవారం, మధ్యాహ్నం 1:41

గుంపు అయితే సరే.

లెక్కలమాస్టారు | సోమవారం, సాయంత్రం 6:10

రిటైరైన ఫిజిక్స్ మాస్టారిని. జీవశాస్త్రం తెలియదు, కానీ ఇక్కడ రెండు చిన్న లెక్కలున్నాయి, అవి చేస్తే విషయం తేటపడుతుంది.

మొదటిది. హెర్2 ఎక్కువైన రొమ్ము క్యాన్సర్ కణం మీద మామూలుగా ఉండే ఇరవై వేలకి బదులు ఇరవై లక్షల దాకా రిసెప్టర్లుంటాయని చదివాను. అంటే వంద రెట్లు. జతకట్టాలంటే ఇద్దరు తారసపడాలి. జనం వంద రెట్లయితే తారసపడే అవకాశం వంద రెట్లు కాదు, వంద ఇంటూ వంద, పదివేల రెట్లు. ఖాళీ సంతలో ఇద్దరు ఢీకొనడానికీ, తీర్థంలో ఢీకొనడానికీ ఉన్న తేడా.

రెండోది. కణం గుజ్జులో తిరుగుతున్న ఒక ప్రోటీన్‌ని తీసుకొచ్చి పొరకి అంటించారనుకోండి. కణం వ్యాసార్థం 10 మైక్రాన్లు, పొరకి ఆనుకున్న 10 నానోమీటర్ల పలచని అర. గోళం ఘనపరిమాణాన్ని ఆ అర ఘనపరిమాణంతో భాగిస్తే వ్యాసార్థం బై మూడింతల మందం వస్తుంది. 10,000 బై 30, అంటే సుమారు 330. ప్రోటీన్ ఒక్కటి కూడా పెరగకుండానే దాని గాఢత 330 రెట్లయింది! ఊరంతా తిరిగేవాణ్ణి వీధి అరుగు మీద కూర్చోబెట్టినట్టు. తప్పుంటే దిద్దండి.

మైక్రోపిపెట్ | సోమవారం, రాత్రి 8:55

మాస్టారూ, తప్పేమీ లేదు. మొదటి లెక్క కొంతవరకే నిజం, అందరూ జతకట్టేశాక ఇక పెరగదు. రెండో లెక్కకి మాత్రం 1994లోనే ప్రయోగం ఉంది. రాస్ అనే ప్రోటీన్ రాఫ్ అనే ఎంజైమ్‌ని లేపుతుంది, ఎలా లేపుతుందో అప్పటికి తెలియదు. రెండు ల్యాబులు వేరువేరుగా రాఫ్‌కి రాస్ తోకని అతికించి నేరుగా పొరకి అంటించేశాయి. రాస్ అవసరం లేకుండానే రాఫ్ మేలుకుంది. అంటే రాస్ చేసే పనిలో పెద్ద భాగం రాఫ్‌ని పొర దగ్గరికి లాక్కురావడమే.

తులసికోట | సోమవారం, రాత్రి 9:30

ఇంతమంది రాస్తారని అనుకోలేదు, థాంక్స్ అండి. చారు గిన్నె పోలిక అమ్మకి కూడా చెప్పాను, "నా ఒంట్లో చారా" అని నవ్వింది. వారంలో మొదటిసారి నవ్వింది.

ఒక్క సందేహం. రిసెప్టర్ అంటే బయట నుంచి ఏదో వచ్చి అంటుకుంటేనే పనిచేస్తుందని ఎక్కడో చదివాను. హెర్2కి అంటుకునేది ఏమిటి? దాన్నే ఆపేస్తే పోదా?

గాజుపలక | సోమవారం, రాత్రి 10:20

మంచి ప్రశ్న. హెర్2కి అంటుకునేది ఇప్పటిదాకా ఏదీ దొరకలేదు. దాని అన్నదమ్ములు ముగ్గురు, ఈజీఎఫ్ఆర్ (హెర్1), హెర్3, హెర్4. వాళ్ళకి కబురు అందితేనే చెయ్యి చాస్తారు, అప్పటిదాకా ముడుచుకుని ఉంటారు. హెర్2 మాత్రం ఎప్పుడూ చెయ్యి చాచుకునే ఉంటుంది. హెర్3 సంగతి ఇంకో రకం, కబురు వినగలదు కానీ లోపలి ఎంజైమ్ దాదాపు పడుకున్నట్టే. మన కుంటివాడు, గుడ్డివాడు కథ గుర్తుందా? ఒకడి కళ్ళు, ఒకడి కాళ్ళు కలిస్తే ఊరు దాటారు. హెర్2, హెర్3 జత అలాంటిది. విడివిడిగా పనికిరానివాళ్ళు కలిస్తే ఈ కుటుంబంలోకెల్లా గట్టి జత. హెర్3 తోకలో పీఐ3కే అనే ఎంజైమ్ అంటుకోవడానికి ఆరు చోట్లున్నాయి. ఆ ఎంజైమ్ పొర లోపలి వరసలోని పిప్2 అనే కొవ్వుకి ఒక్క ఫాస్ఫేట్ తగిలించి పిప్3 చేస్తుంది. ఏకేటీ అనే ప్రోటీన్ ఆ పిప్3ని పట్టుకుని పొర దగ్గరికొచ్చి మేలుకుంటుంది, "చావొద్దు, పెరుగు" అంటుంది. పీటెన్ అని ఇంకొకటి ఆ ఫాస్ఫేట్‌ని ఊడదీసి గొడవ సద్దుమణిగిస్తుంది. చాలా క్యాన్సర్లలో పీటెన్ పోతుంది. చూడండి, ఇక్కడ కబురు మోసేది ప్రోటీన్ కాదు, పొరలోని కొవ్వే.

అందుకే మందులు కూడా రెండు. 1998లో వచ్చిన ట్రాస్టుజుమాబ్ హెర్2 తలలో పొరకి దగ్గరున్న భాగాన్ని పట్టుకుంటుంది. 2012లో వచ్చిన పెర్టుజుమాబ్ ఆ చాచిన చేతినే పట్టుకుంటుంది, జత కట్టనివ్వదు.

మైక్రోపిపెట్ | సోమవారం, రాత్రి 11:48

దీనికి ముందు ఒక కథ ఉంది, ఈ టాపిక్‌లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. హెర్2కి ఎలుకల్లో పేరు న్యూ. 1986లో కోరీ బార్గ్‌మన్, అప్పటికి ఆమె విద్యార్థి, రాబర్ట్ వైన్‌బర్గ్ ల్యాబులో ఎలుక కణితిలోని న్యూ జన్యువునీ మామూలు న్యూ జన్యువునీ అక్షరం అక్షరం పోల్చింది. తేడా ఒక్కటే అక్షరం. అదీ తలలో కాదు, ఎంజైమ్ తోకలో కాదు, సరిగ్గా పొరలో గుచ్చుకున్న ముక్కలో! వేలీన్ ఉండాల్సిన చోట గ్లుటామిక్ యాసిడ్ వచ్చింది. ఆ ఒక్క మార్పుతో పొర మధ్యలోనే రెండు రిసెప్టర్లు అతుక్కుపోయి, ఎవరూ పిలవకుండానే అరుస్తూ కూర్చున్నాయి. మనుషుల్లో ఆ మార్పు రావాలంటే రెండు అక్షరాలు మారాలి, అందుకే చాలా అరుదు. మన కణితులు వేరే దారి తొక్కాయి, జన్యువు కాపీలు పెంచుకుని పొర మీద జనాన్ని పెంచాయి. మాస్టారి తీర్థం లెక్క.

పాలమూరు_పిల్లగాడు | మంగళవారం, ఉదయం 8:15

మా చిన్నాయనకి పెద్దపేగు క్యాన్సర్. కేరాస్ మ్యుటేషన్ ఉన్నది, అందుకని సెటుక్సిమాబ్ పనిచేయదు అన్నారు. ఇందాక రాస్ అన్నారు కదా, అదీ ఇదీ ఒకటేనా?

మందుగుళిక | మంగళవారం, మధ్యాహ్నం 12:40

ఒకటే తమ్ముడూ, రాస్‌లు మూడున్నాయి, హెచ్‌రాస్, ఎన్‌రాస్, కేరాస్. నేను ఫార్మాలో మెడిసినల్ కెమిస్ట్‌ని, ఈ కథలో మా వాళ్ళు పెద్ద దెబ్బే తిన్నారు.

సెటుక్సిమాబ్ బయట ఈజీఎఫ్ఆర్ తలని మూస్తుంది. రాస్ ఉండేది ఆ దారిలో దిగువన, పొర లోపలి వైపు. మ్యుటేషన్ వల్ల రాస్ తనంతట తనే ఆన్‌లో ఉండిపోతే పైన తలుపు వేసినా ఉపయోగం లేదు. మోటర్ స్విచ్ ఇరుక్కుపోయాక వీధి కుళాయి కట్టినట్టు. 2008 ప్రాంతంలో ఇది తేలాకే ముందు రాస్ పరీక్ష, తర్వాత మందు అనే పద్ధతి వచ్చింది.

ఇప్పుడు పొర సంగతి. రాస్‌కి పొరలో గుచ్చుకునే ముక్క లేదు. తోక చివర ఫార్నెసిల్ అనే 15 కార్బన్ల జిడ్డు గొలుసు తగిలిస్తే దాంతో పొరకి అంటుకుంటుంది. అంటుకోకపోతే ఆన్‌లో ఉన్నా దండగే. ఇది తెలియగానే 1990ల్లో అందరం ఎగిరి గంతేశాం, ఆ గొలుసు తగిలించే ఎంజైమ్‌ని ఆపితే చాలు, రాస్ క్యాన్సర్లన్నీ పోతాయి! చాలా కంపెనీలు మందులు చేశాయి. ఎలుకల్లో అద్భుతం. మనుషుల్లో, పాంక్రియాస్ క్యాన్సర్ మీద టిపిఫార్నిబ్ పెద్ద ట్రయల్ ఫెయిలైంది. ఎందుకు? ఎలుక ప్రయోగాలు ఎక్కువగా హెచ్‌రాస్‌తో చేశారు. మనుషుల్లో ఎక్కువగా చెడేది కేరాస్. ఫార్నెసిల్ దొరక్కపోతే కేరాస్ పక్క ఎంజైమ్ దగ్గర 20 కార్బన్ల ఇంకో గొలుసు తగిలించుకుని దర్జాగా వెళ్ళి పొర మీద కూర్చుంది. రైలు తప్పితే బస్సెక్కినట్టు.

ఆ మందులు వృథా పోలేదు. వాటిలో ఒకటైన లొనాఫార్నిబ్‌కి పిల్లల్ని తొందరగా ముసలివాళ్ళని చేసే ప్రొజీరియా జబ్బుకి 2020లో అనుమతి వచ్చింది. టిపిఫార్నిబ్ హెచ్‌రాస్ చెడిన తల, మెడ క్యాన్సర్లలో ఆశ చూపించింది, ఎందుకంటే హెచ్‌రాస్‌కి ఆ రెండో బస్సు లేదు.

చివరికి కేరాస్‌ని నేరుగా పట్టుకున్నది వేరే దారిలో. 2013లో కెవన్ షోకట్ బృందం జీ12సీ అనే ఒక్క మ్యుటేషన్‌లో మాత్రం మందు దూరే సందు కనిపెట్టింది. 2021లో సొటోరాసిబ్ వచ్చింది, ముందు ఊపిరితిత్తుల క్యాన్సర్‌కి. మీ చిన్నాయన రిపోర్టులో కేరాస్ పక్కన ఏ మ్యుటేషన్ రాశారో చూసి డాక్టర్‌ని అడుగు. జీ12డీ, జీ12వీ అయితే ఈ మందు పనిచేయదు.

మైక్రోపిపెట్ | మంగళవారం, సాయంత్రం 5:30

మందుగుళిక గారికి ఒక్క ముక్క కలుపుతాను. మూడు రాస్‌లూ పైభాగంలో దాదాపు ఒకటే, తేడా తోకలోనే. హెచ్‌రాస్‌కి ఫార్నెసిల్‌తో పాటు ఇంకో రెండు కొవ్వు గొలుసులు, ఎన్‌రాస్‌కి ఒకటి. కేరాస్‌కి అవేవీ లేవు, బదులుగా వరసగా ఆరు లైసీన్లు, అంటే ఆరు ధనావేశాలు. పొర లోపలి వరసలో రుణావేశమున్న ఫాస్ఫాటిడిల్‌సెరీన్ అనే కొవ్వు ఉంటుంది, కేరాస్ దాన్ని వెతుక్కుని అక్కడ గుంపు కడుతుంది. హెచ్‌రాస్ కట్టే గుంపు వేరే చోట. జాన్ హాన్‌కాక్ బృందం బంగారు రేణువులు తగిలించి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూస్తే ఒక్కో గుంపులో ఆరేడు రాస్‌లు, వెడల్పు ఇరవై నానోమీటర్లు. సెకను తిరక్కుండానే చెదిరిపోతాయి, మళ్ళీ వేరే చోట కడతాయి. ఒక్కో గుంపు చిన్న స్విచ్. బయట నుంచి వచ్చే కబురు రెండింతలైతే ప్రతి స్విచ్చూ రెండింతలు గట్టిగా వెలగదు, వెలిగే స్విచ్‌ల సంఖ్య పెరుగుతుంది.

ఎర్రబస్సు | మంగళవారం, రాత్రి 7:05

ఇన్ని చెప్పారు గానీ నాకు కావలసింది ఒకటే. పొరలో కొలెస్ట్రాల్ ఇంత పని చేస్తోంది కదా, నెయ్యి మానేస్తే క్యాన్సర్ తగ్గుతుందా? మా ఆవిడ ఈ థ్రెడ్ చదివి నెయ్యి డబ్బా దాచేసింది.

మందుగుళిక | మంగళవారం, రాత్రి 7:40

డబ్బా తెప్పించుకోండి, కానీ చెంచాలతో తినకండి, అది గుండె సంగతి :)

కణం తనక్కావలసిన కొలెస్ట్రాల్ తనే చేసుకోగలదు. మీరు తిన్నదీ, రక్తపరీక్షలో కనబడేదీ, పొరలో ఉండేదీ మూడు వేరువేరు ఖాతాలు. పైగా కొలెస్ట్రాల్ తీసేస్తే సిగ్నల్ తగ్గుతుందనేం లేదు. సైక్లోడెక్స్ట్రిన్ అనే రసాయనంతో పొర నుంచి కొలెస్ట్రాల్ లాగేసినప్పుడు కొన్ని ప్రయోగాల్లో ఈజీఎఫ్ఆర్ ఇంకా రెచ్చిపోయింది, బయట నుంచి కబురు లేకుండానే. గుంపుని చెదరగొడితే కొందరు ఊరుకుంటారు, కొందరు వేరే చోట చేరి గొడవ పెద్దది చేస్తారు. వాట్సాప్‌లో "కొలెస్ట్రాల్ మాత్రతో క్యాన్సర్ మాయం" అని వస్తే నమ్మకండి, డాక్టర్ రాయకుండా స్టాటిన్ మొదలుపెట్టకండి.

పొర కొవ్వునే చెడగొట్టే మందులు చేయాలని కూడా చూశారు. మిల్టెఫోసిన్ అలా పుట్టిందే. క్యాన్సర్‌కి మాత్రగా ఇస్తే కడుపు తట్టుకోలేదు. తర్వాత అదే కాలా అజార్ జ్వరానికి నోటి మాత్రగా మన దేశంలో 2002లో అనుమతి పొందింది, బిహార్‌లో ఎందరికో వాడారు. దాని తమ్ముడు పెరిఫోసిన్ 2012లో పెద్దపేగు క్యాన్సర్ ట్రయల్‌లో చతికిలపడింది.

గాజుపలక | మంగళవారం, రాత్రి 10:50

గుంపుల గురించి మాట్లాడుకున్నాం గానీ పెద్ద అమరిక ఒకటి మర్చిపోయాం. పాల నాళంలో కణాలు వరసగా నిలబడి ఉంటాయి. ఒక మొహం నాళం వైపు, కింది వైపు పునాది మీద. పక్కపక్క కణాల మధ్య బిగుతు కుట్లు ఉంటాయి. ఆ కుట్ల వల్ల పైపొర ప్రోటీన్లు కిందికి పోవు, కిందివి పైకి రావు. ఒకే పొరలో రెండు ఊళ్ళు.

దీని అవసరం ఏమిటో ఊపిరితిత్తుల గొట్టాల కణాలతో 2003లో చక్కగా చూపించారు. అక్కడ హెరెగ్యులిన్ అనే కబురు అణువు పైన తడిలో ఉంటుంది. దాన్ని వినే హెర్2, 3, 4 రిసెప్టర్లు కింద పక్క గోడల మీద ఉంటాయి. రెండూ ఒకే కణం సొత్తు, అయినా కలుసుకోవు. గీరుకుపోయి వరస తెగితే పైన తడి కిందికి కారుతుంది, ఆ క్షణమే కలుస్తాయి, కణాలు పెరిగి గాయం పూడుస్తాయి. కుట్లు మళ్ళీ పడగానే ఆగుతాయి. ఎవరూ కొత్తగా ఏదీ తయారు చేయక్కర్లేదు.

కణితిలో జరిగేదేమిటంటే ఆ వరసే ఉండదు. పైనా కిందా లేదు, కుట్లు లేవు, కణం చుట్టూ అంతా ఒకటే. తులసికోట గారూ, మీ రిపోర్టులో "పొర చుట్టూ పూర్తిగా" అన్న మాట ఇప్పుడు ఇంకోసారి చదవండి.

తులసికోట | బుధవారం, ఉదయం 6:30

చదివాను. ఒళ్ళు జలదరించింది.

ఫిష్ నెగెటివ్ వస్తే? ఈఆర్, పీఆర్ కూడా లేవు, అప్పుడు మందే ఉండదా?

గాజుపలక | బుధవారం, ఉదయం 7:10

మందులుంటాయండి. అప్పుడు దాన్ని ట్రిపుల్ నెగెటివ్ అంటారు, కీమో మొదలుకొని దానికి వేరే దారి ఉంది. ముందే భయపడకండి.

మందుగుళిక | బుధవారం, ఉదయం 9:25

ఇంకొకటి. ట్రాస్టుజుమాబ్ డెరుక్స్‌టెకాన్ అని ఒక మందుంది, యాంటీబాడీ వీపున కీమో మూట కట్టి పంపుతారు. దీనికి హెర్2 అరవక్కర్లేదు, పొర మీద కాస్త కనబడితే చాలు, చిరునామాగా వాడుకుంటుంది. కణం లోపలికి వెళ్ళాక మూట విప్పుతుంది. ఆ విషం పొరని దాటగలదు కాబట్టి హెర్2 లేని పక్క కణాన్ని కూడా చంపుతుంది. 1+, లేదా ఫిష్ నెగెటివ్ వచ్చిన 2+ వాళ్ళకి కూడా, జబ్బు వేరే చోటికి పాకిన దశలో, 2022లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఖర్చు మాత్రం మామూలుగా ఉండదు. మీ అమ్మగారి దశకి ఇది వర్తిస్తుందో లేదో మీ డాక్టరే చెప్పాలి.

తులసికోట | తర్వాతి వారం, గురువారం, సాయంత్రం 4:50

ఫిష్ వచ్చింది. హెర్2 కాపీలు సగటున 7.8, నిష్పత్తి 3.6, పాజిటివ్ అన్నారు. సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. ఈసారి డాక్టర్ గారు పావుగంట కూర్చోబెట్టి మాట్లాడారు. ముందు కీమోతో పాటు ట్రాస్టుజుమాబ్, పెర్టుజుమాబ్, మూడు వారాలకోసారి. తర్వాత ఆపరేషన్. "హెర్3తో జత కట్టకుండా ఆపేది రెండోదే కదండీ" అన్నాను. కళ్ళజోడు తీసి నావైపు చూశారు.

మొదలుపెట్టే ముందు గుండెకి ఎకో తీయించమన్నారు. రొమ్ము మందుకి గుండె పరీక్ష ఎందుకు?

గాజుపలక | గురువారం, సాయంత్రం 5:35

ఫిష్‌లో ఎర్ర చుక్కలు హెర్2, పచ్చ చుక్కలు ఆ క్రోమోజోమ్ నడుము. కనీసం ఇరవై కణాల్లో లెక్కపెడతాం. ఎరుపుని పచ్చతో భాగిస్తే వచ్చేదే ఆ నిష్పత్తి. మామూలు కణంలో రెండు ఎరుపు, రెండు పచ్చ ఉంటాయి. అమ్మగారికి ఎరుపు దాదాపు ఎనిమిది. మందు పట్టుకోవడానికి తలలు ఉన్నాయన్నమాట.

గుండె కండరం కణాల పొర మీద కూడా హెర్2 ఉంటుంది, మామూలు సంఖ్యలోనే. పక్కనున్న రక్తనాళాల గోడ నుంచి న్యూరెగ్యులిన్ వస్తుంది, హెర్4 దాన్ని విని హెర్2తో జత కట్టి కండరాన్ని కాపాడుతుంది. మందు ఆ జతని కూడా కదిలిస్తుంది. అందుకని ముందోసారి, తర్వాత మూడు నెలలకోసారి గుండె ఎంత రక్తం తోస్తోందో కొలుస్తారు. తగ్గితే మందు కొన్నాళ్ళు ఆపుతారు, చాలామందిలో మళ్ళీ కోలుకుంటుంది.

తులసికోట | గురువారం, సాయంత్రం 5:52

ఎకో రేపు పదింటికి. ఏమీ తినకుండా రావాలా? అమ్మకి ఎనిమిదికల్లా ఇడ్లీ పడాలి.

గాజుపలక | గురువారం, సాయంత్రం 5:54

అక్కర్లేదండి, ఇడ్లీ పెట్టే తీసుకెళ్ళండి.